58 ఏళ్ల వయసులో కొత్తగా పరుగు: మడమ పైన నరం పట్టేస్తోంది

షుగర్, బీపీ లేవు. రోజు విడిచి రోజు పరుగు. ఐదు నిమిషాలు నడిచాక, నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది విడతలు. అంతవరకూ ఇబ్బంది లేదు. పరుగు రెండు నిమిషాలకు పెంచగానే ఎడమ మడమకు రెండంగుళాల పైన, పిక్క నుంచి దిగే లావుపాటి నరం పట్టేయడం మొదలైంది. పరిగెత్తేటప్పుడు ఏమీ తెలియదు. మర్నాడు పొద్దున మంచం దిగగానే కుంటాల్సి వస్తోంది, పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే వదులుతుంది. రెండు వేళ్లతో పట్టి నొక్కితే అక్కడే నొప్పి, కుడికాలితో పోలిస్తే కాస్త ఉబ్బుగా తగులుతోంది. ఎర్రదనం, వేడి లేవు. ఒంటికాలి మునివేళ్ల మీద లేవగలుగుతున్నాను.

రెండు వారాలు పూర్తిగా ఆపితే తగ్గింది, మళ్లీ మొదలెట్టగానే తిరగబెట్టింది. ఐస్‌తో ఉపశమనం ఆ పూటకే. గోడకు చేతులానించి పిక్క సాగదీస్తే ఇంకా ఎక్కువైంది, మానేశాను. మడమ వైపు 10 మిల్లీమీటర్లు ఎత్తున్న షూకి మారాను, కొంత నయం (షూ మారిస్తే చాలనే సలహా మాత్రం నమ్మబుద్ధి కావట్లేదు). ఇప్పుడు మెట్టు అంచున నిలబడి మడమ మెల్లగా కిందికి దించే వ్యాయామం, 15 చొప్పున మూడు విడతలు, రెండు పూటలా చేస్తున్నాను.

ఈ వ్యాయామం చేస్తూనే పాత నిమిషం పరుగు కొనసాగించవచ్చా, పొద్దుటి బిగుతు పూర్తిగా పోయేదాకా ఆగాలా?