వింటే అన్నీ చెప్తాడు, చదవమంటే ఆగిపోతాడు: డిస్లెక్సియానా?

పలకబలపం:
నాలుగో తరగతి బాబు, తొమ్మిదేళ్లు. పాఠం వింటే జవాబులు టకటకా చెప్తాడు. చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. డిక్టేషన్‌లో 'ఆస్తి'ని 'ఆసితి' అని, 'పుస్తకం'ని 'పుసకం' అని రాస్తాడు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటున్నారు. క్లాసులో ఏం చేయాలండి?

గుణింతం:
ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి మేడమ్. తర్వాత రెండో తరగతి వాచకంలో బాబు చూడని పేరా ఒక నిమిషం చదివించి, ఎన్ని పదాలయ్యాయో, ఎక్కడ తడబడ్డాడో రాసుకోండి. అదే స్థాయిది ఇంకోటి మీరు చదివి వినిపించి ప్రశ్నలడగండి. విన్నది చెప్పగలిగి, చదివింది మాత్రం అందకపోతే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అని అనుమానించాల్సిందే.

తెలుగులో తప్పుల లెక్క ఒక్కటే చూడకండి. రాసినట్టే పలుకుతాం కాబట్టి డిస్లెక్సియా ఉన్న పిల్లలు చాలావరకు సరిగ్గానే చదివేస్తారు, కాకపోతే మరీ నిదానంగా. ప–వ, ద–ధ తికమక మామూలు పిల్లల్లోనూ ఉంటుంది.

'ఆసితి' ఎందుకంటే, గుడి కనిపించేది 'స' మీద, పలికేది 'త'తో. ఇంపోజిషన్ రాయిస్తే ఆ తప్పే అలవాటవుతుంది. రోజూ పదిహేను నిమిషాలు చాలు, మొదట నోటితోనే: 'కమలం'లో 'మ' తీసేస్తే? 'కలం'. అది వచ్చాక 'ఆస్–తి' అని చప్పట్లతో విడగొట్టించండి. అప్పుడు 'స్' అంటూ స, 'త్' అంటూ కింద వత్తు వేరే రంగులో, 'ఇ' అంటూ చివర్లో గుడి. రోజుకి ఒక్క వత్తే, నాలుగైదు పదాలు.

వాగుఒడ్డు:
ఇంట్లో గోండి, లంబాడీ, ఉర్దూ మాట్లాడతారా? అయితే ఆ 'కమలం' ఆట వాళ్ల భాషలో ఆడించి చూడండి. అందులో చకచకా చేస్తుంటే తెలుగు మాటలు తెలియకపోవడమే కారణం కావొచ్చు. బడికి నాగాలెన్నో కూడా హాజరుపట్టీలో చూడండి.

నడిబడి:
వైకల్య సర్టిఫికెట్ సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది. 2018 మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండాకే ఇచ్చేవారు, 14, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించేవారు; 2024లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి ఇప్పటి నిబంధన కనుక్కోండి. ముందు ఐక్యూ (తెలివితేటల) పరీక్ష, తర్వాత నిమ్హాన్స్ బ్యాటరీ (బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ తయారుచేసిన చదవడం, రాయడం పరీక్షలు). ప్రైవేటు సెంటర్ రిపోర్టు బోధనకి పనికొస్తుంది కానీ సర్టిఫికెట్‌తో సమానం కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. దరఖాస్తు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో. సీబీఎస్ఈలో ఈ సర్టిఫికెట్‌తో మూడు గంటల పేపర్‌కి గంట అదనం. 2018 లెక్కన బాబుకి వయసు సరిపోయింది. వెళ్లేటప్పుడు ఆ నిమిషం చదివించిన కాగితం, డిక్టేషన్ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లమనండి.