అద్దానికి నీళ్లు నిలవని పూత వేశాను, రాత్రి వానలో దారి ఇంకా మసకగా ఉంది

బ్రాడీపేట లెక్కలు:

ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడ వన్‌టౌన్‌లో. బట్టల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూస్తాను. పొద్దున ప్రయాణంతో ఇబ్బంది లేదు. కొట్టు మూసేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌గేటు మీదుగా ఇల్లు చేరేసరికి పదిన్నర. కారుకు పదకొండేళ్లు, నాకు యాభై మూడు. ఈ రెండూ ముందే చెబుతున్నాను, ఎందుకంటే తప్పు కారుదో, పూతదో, నా కళ్లదో నాకే తేలడం లేదు.

పోయిన నెలలో అద్దం మీద నీళ్లు నిలవకుండా చేసే ద్రవం సీసా ఒకటి కొన్నాను. ఆదివారం పదకొండు గంటలకు ఇంటి ముందు కారు కడిగి, అద్దం ఆరాక గుడ్డతో గుండ్రంగా రుద్దాను. మా అబ్బాయి మగ్గుతో నీళ్లు కొట్టి చూశాడు. ముత్యాల్లా జారిపోయాయి. ఇద్దరం చప్పట్లు కొట్టడమే తక్కువ.

మొదటి వాన పగటిపూట, మంగళగిరి దాటాక పట్టుకుంది. వేగం డెబ్బై దాటగానే చుక్కలు వాటంతట అవే అద్దం మీద పైకి పాకి కప్పు మీదుగా ఎగిరిపోయాయి. వైపరు ఆపేసి, కాసేపు విమానం నడుపుతున్నంత దర్జాగా వెళ్లాను.

రెండో వాన రాత్రి పడింది. వారధి మీద బళ్లు బారులు తీరి ఉన్నాయి, కదిలితే గజం, ఆగితే నిమిషం. పడుతున్నది సన్నటి తుంపర. చుక్కలు ఎక్కడివక్కడే, సగ్గుబియ్యం చల్లినట్టు నిలబడ్డాయి. ముందున్న లారీ బ్రేకు దీపం ఒక్కటే అయినా నా అద్దం మీద వంద ఎర్ర చుక్కలు. వైపరు వేస్తే టకటకమని గెంతుతూ, ఒక చార తుడిచి ఒక చార వదిలేసింది. అది వెళ్లిన చోటల్లా పాల మీగడ లాంటి పొర కనిపించి, రెండు క్షణాలకు పోయేది. అదే సమయంలో పక్క వరుసలో నాలుగు దీపాలూ ఆర్పుతూ వెలిగిస్తూ ఒక మహానుభావుడు. ఆగాడో, వస్తున్నాడో, ఎటు తిరుగుతాడో ఎలా తెలుసుకోవాలి? ఆ ఏడుపు వేరే రోజు ఏడుస్తాను.

పూత తీసేయాలా? వేయడంలోనే తప్పు చేశానా? తీయాలంటే దేనితో తీయాలి?

ఆటోనగర్ పాతకాపు:

తమ్ముడూ, ఎండలో వేయడం మొదటి తప్పు. అద్దం కాలుతూ ఉంటే ద్రవం పరుచుకునే లోపే ఆరిపోయి మచ్చలు కడుతుంది. పూత ఉన్న చోట రబ్బరు జారుతుంది, లేని చోట పట్టేస్తుంది. ఆ టకటక అదే. రెండో తప్పు వైపరు రబ్బరు. ఎప్పుడు మార్చావో రాయలేదంటే మార్చలేదని అర్థం. మన వేసవి రెండు చూసిన రబ్బరు చెప్పు అట్టలా బిగుసుకుపోతుంది. గోటితో అంచు పట్టుకుని వంచి చూడు. వంగి వెంటనే నిలబడాలి. ఒక పక్కకే ఒరిగి ఉండిపోతే దాని పని అయిపోయింది.

నన్ను అడిగితే ఈ పూతలేవీ అవసరం లేదు. శుభ్రమైన అద్దం, మెత్తటి రబ్బరు, తగ్గిన వేగం, అంతే. మా కాలంలో వైపరు చెడిపోతే లారీ డ్రైవర్లు పొగాకు తడిపి అద్దానికి రుద్దేవారు. గుంటూరు జిల్లాలో పొగాకుకు కరువా! చిలకలూరిపేట నుంచి రాత్రంతా అలాగే నడిపిన వాళ్లను చూశాను. కొందరు బంగాళాదుంప కోసి రుద్దేవారు. అదీ పనిచేసేది.

నంబూరు రసాయనం:

పాతకాపు గారూ, పొగాకు పనిచేసిన మాట నిజమే, కానీ అది ఈ పూతకు సరిగ్గా ఎదురు పని. బంగాళాదుంపలోని పిండి గాజు మీద నీటిని పలచటి పొరలా పరుస్తుంది, పొగాకు రసం చేసేదీ అలాంటి పనే. పొర సమంగా ఉంటే అందులోంచి దారి కనిపిస్తుంది. సిలికాన్ పూత నీటిని పరుచుకోనివ్వదు, ఉండ కట్టిస్తుంది. అమెరికాలో రెయిన్-ఎక్స్ పేరుతో 1970లలోనే అమ్మకానికి వచ్చిన పద్ధతి ఇది.

బ్రాడీపేట గారూ, మీరు అనుకున్నది తామరాకు. మీ చేతికి వచ్చింది అది కాదు. తామరాకు మీద బొట్టు దాదాపు గుండ్రంగా ఉంటుంది, ఆకుతో అది చేసే కోణం 150 డిగ్రీలు దాటుతుంది. అందుకే కాస్త వంచితే దొర్లిపోతుంది. ఇలాంటి పూత వేసిన గాజు మీద ఆ కోణం ఇంచుమించు 110 డిగ్రీలు. అంటే బొట్టు ఉబ్బి నిలబడుతుంది, కానీ కింద ఇంకా కొంచెం అతుక్కునే ఉంటుంది. దాన్ని కదిలించడానికి గాలి తోపు కావాలి, లేదా దాని బరువైనా కావాలి. అరవై, డెబ్బై వేగంలో గాలి తోస్తుంది. జడివానలో బొట్లు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి జారతాయి. మీరు వారధి మీద ఆగి ఉన్నారు, పడుతున్నది తుంపర. రెండూ లేవు. ఆ చుక్క ఒక్కొక్కటీ చిన్న భూతద్దంలా పనిచేసి లారీ దీపాన్ని మీకు వందసార్లు చూపించింది. పూత చెడ్డది కాదు, మీ రోడ్డుకు సగం మాత్రమే సరిపోతుంది.

మీగడ పొర మాత్రం పూత ఎక్కువై మిగిలిన జిడ్డు. నీడలో నిలబెట్టి, తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి గట్టిగా రుద్దండి. పోకపోతే మొత్తం తీసేయాలి. అద్దాల దుకాణాల్లో సీరియం ఆక్సైడ్ పొడి దొరుకుతుంది. నీళ్లతో పేస్టులా కలిపి మెత్తటి గుడ్డతో ఓపికగా రుద్దాలి. నీళ్లు పోస్తే ఉండలు కట్టకుండా ఒకే పొరగా జారిందంటే పూత పోయినట్టు. ఇసుక, గిన్నెలు తోమే పీచు దగ్గరకు కూడా రానివ్వకండి.

పటమట క్యాబ్:

బాబాయ్ గారూ, అందరూ అద్దం బయటివైపే మాట్లాడుతున్నారు. లోపల తుడిచి ఎన్నాళ్లయింది? ఎండకు డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి లోపలివైపు జిడ్డులా పేరుకుంటుంది. పగలు కనిపించదు. రాత్రి ఎదురు దీపం పడితే అద్దమంతా పొగ. నేనూ ముందు కళ్లజోడు మార్చాను, తరవాత అద్దం తుడిచాను. ఖర్చు ఎటు ఎక్కువైందో చెప్పనక్కరలేదు.

ఇంకొకటి, వైపరు నీళ్ల డబ్బాలో బోరు నీళ్లు పోయకండి. తెల్ల మచ్చలు పడతాయి. తాగే నీళ్ల డబ్బా నుంచి ఒక లీటరు పోస్తే చాలు.

బ్రాడీపేట లెక్కలు:

ఆలస్యంగా రాస్తున్నాను, వాన కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

ముందు లోపలివైపు తుడిచాను. తెల్ల పంచె ముక్కతో. ఒక్కసారి గీస్తే ముక్క మీద బీడీ పొగ పట్టిన గోడ రంగు వచ్చింది. నేను పొగ తాగను. మా ఆవిడ ఆ గుడ్డ పట్టుకుని నన్ను చూసిన చూపు వేరు. మొత్తం నాలుగు ముక్కలు పట్టింది. రబ్బర్లు మార్చాను, రెండూ కలిపి ఆరువందల చిల్లర. పాతకాపు గారూ, మీరన్నట్టే పాతవి మూడేళ్ల నాటివి, వంచితే వంగిన చోటే ఉండిపోయాయి. పొడితో రుద్ది పాత పూత తీసేసి, సాయంత్రం నీడలో ఈసారి సగం కూడా వాడకుండా పలచగా వేశాను.

మొన్న రాత్రి వాన. టకటక లేదు, మీగడ లేదు. వారధి మీద ఇప్పటికీ తుంపరకు చుక్కలు నిలబడుతూనే ఉన్నాయి, కానీ వైపరు ఒక్క ఊపులో ఎత్తుకుపోతోంది. హైవే ఎక్కాక లారీ వెనక చక్రాలు కొట్టే బురద నీళ్లకు మాత్రం పూత ఏమీ చేయలేకపోయింది. ఆ లారీని దాటిపోవాలనిపించింది. దాటలేదు, వెనక్కి తగ్గాను.

సీసాలో ముప్పాతిక మిగిలింది. మా అబ్బాయి హెల్మెట్ ముందు రేకుకు రాస్తానంటున్నాడు. రాయవచ్చా?

నంబూరు రసాయనం:

వద్దు. అది గాజు కాదు, ప్లాస్టిక్. గాజు కోసం చేసిన ద్రవంలోని ద్రావకాలకు మసకబారి పగుళ్లివ్వవచ్చు. దానికి వేరేగా దొరుకుతుంది, సీసా మీద రాసి ఉంటుంది.

బ్రాడీపేట లెక్కలు:

సీసా బీరువా పైకి ఎక్కించాను. వాడికి అందదనుకున్నాను. నాకంటే అర అడుగు పొడుగని తరవాత గుర్తొచ్చింది.