సినిమా చూసి ఒక వస్తువు కొనడం మానేస్తే అది ఉద్యమం అవుతుందా?

ఉదయరేఖ:
2013లో వచ్చిన ‘బ్లాక్‌ఫిష్’ డాక్యుమెంటరీ ఈ వారమే చూశాను. అమెరికాలో సముద్రజీవుల ప్రదర్శనలు పెట్టే సీ వరల్డ్‌లో ఆడించిన తిలికుమ్ అనే ఓర్కా (కిల్లర్ వేల్) కథ అది. పసితనంలోనే సముద్రం నుంచి పట్టుకొచ్చి కొలనులో బంధించారు. 2010లో అది తన శిక్షకురాలిని చంపింది. సినిమా చూసిన జనం అక్కడికి వెళ్లడం తగ్గించారు, అక్కడ పాడాల్సిన గాయకులు కొందరు తప్పుకున్నారు. 2016 మార్చిలో ఆ సంస్థ ఇకపై ఓర్కాల సంతతిని పెంచబోమని ప్రకటించింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో దాన్ని నిషేధిస్తూ చట్టమే వచ్చింది. చూసినవారిలో ఎక్కువమంది చేసిన పని ఒక్కటే, టికెట్ కొనకపోవడం. సినిమా మనసును కదిలిస్తే, తెల్లవారి లేచాక ఆ మనసుకు చేయడానికి ఒక పని కావాలి. కొనడం, మానడం అన్నవి అందరి చేతిలోనూ ఉన్న పని. ఉద్యమానికి ఇదే తొలిమెట్టు అని నా గట్టి నమ్మకం. కాదనేవారు కారణం చెప్పండి.

వేకువచుక్క:
నూటికి నూరుపాళ్లు నిజం. ఆ సినిమా చూశాక నేను జంతువుల ప్రదర్శనలకు వెళ్లడం మానేశాను.

కుట్టుమిషన్:
ఓర్కా విషయంలో ఒప్పుకుంటాను. జనం రావడం మానేస్తే దానికి జీతం పోదు. మనుషులు పనిచేసే చోట లెక్క వేరు. నేను ఎగుమతి దుస్తుల కర్మాగారంలో చాలా ఏళ్లు కాలర్లు కుట్టాను. విదేశీ కొనుగోలుదారుల తరఫున తనిఖీకి వచ్చే రోజు మాత్రమే అత్యవసర ద్వారానికి తాళం తీసేవారు. మెట్లకు అడ్డంగా పేర్చిన బట్టల కట్టలు ఆ పూటకు మాయమయ్యేవి. మాకు మాస్కులు పంచి, సాయంత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవారు. ఒకసారి మా మీద టీవీలో కథనం వచ్చింది. అందులో చూపించిన ప్రతి ముక్కా నిజమే. దూరదేశాల్లో జనం కోపగించుకున్నారు, కంపెనీ ఆర్డరు రద్దు చేసుకుని వెళ్లిపోయింది. మా వరుసలో సగంమందిని ఇంటికి పంపారు. యజమాని మరో షెడ్డులో, మరో పేరుతో పని మొదలుపెట్టాడు. నాకు రావాల్సిన ఓవర్‌టైం డబ్బు ఇప్పటికీ రాలేదు. కొనడం మానేసినవారికి మంచి పని చేశామన్న తృప్తి మిగిలింది. మాకు ఏం మిగిలిందో ఎవరూ అడగలేదు.

పాతపుటలు:
సినిమా చూసి జనం కన్నీళ్లు పెట్టుకున్నంత మాత్రాన చట్టాలు రావు. 1966 నవంబరు 16న బీబీసీ ‘క్యాథీ కమ్ హోమ్’ అనే టీవీ సినిమా ప్రసారం చేసింది. ఇల్లు పోయి, భర్తకు దూరమై, చివరికి పిల్లలను కూడా అధికారులు లాక్కుపోయిన తల్లి కథ. దాదాపు కోటీ ఇరవై లక్షల మంది చూశారు. ఇల్లు లేనివారికి వసతి చూపడాన్ని స్థానిక సంస్థల బాధ్యతగా చేసిన చట్టం 1977లో గానీ రాలేదు. ఆ పదకొండేళ్లూ సభలు పెట్టినవారు, వినతిపత్రాలు మోసినవారు ఎవరికీ గుర్తుండరు. సినిమా ఒక్కటే గుర్తుంటుంది.

వేకువచుక్క:
ఆ సినిమా వల్లే కదా ఇల్లు లేనివారి కోసం పనిచేసే షెల్టర్ అనే సంస్థ పుట్టింది?

పాతపుటలు:
కాదు. షెల్టర్ మొదలైంది 1966 డిసెంబరు 1న. పదిహేను రోజుల్లో అంత సంస్థ పుట్టదు. సన్నాహాలు అంతకు ముందే జరుగుతున్నాయి.

వేకువచుక్క:
సినిమా లేకపోతే జనం ఆ సంస్థను పట్టించుకునేవారా?

పాతపుటలు:
సినిమా సాయపడింది, కాదనను. కానీ పుట్టించలేదు. తేదీలు మరోసారి చూడండి.

నడిదారి:
మీరిద్దరూ తేదీల దగ్గరే ఆగిపోయారు. కుట్టుమిషన్ గారు అంత పెద్ద సంగతి చెబితే ఒక్కరూ జవాబివ్వలేదు.

చిరుదివ్వె:
నాదీ ఒక మాట. మా ఆఫీసులో ఒకావిడ దుస్తుల పరిశ్రమ మీద ఏదో డాక్యుమెంటరీ చూసి వచ్చి, అందరి ముందు నా చొక్కా కాలర్ వెనక్కి తిప్పి పేరు చదివారు. ‘ఇది వేసుకోవడానికి మీకు మనసెలా వచ్చింది?’ అన్నారు. నా జీతానికి వచ్చేది ఆ చొక్కాయే. ఆవిడ చేతి సంచి ఎక్కడ ఎవరు కుట్టారో నేను అడగలేదు. కొనుగోలే ఉద్యమమైతే, డబ్బు లేనివాడు పుట్టుకతోనే దోషి అవుతాడు.

ఉదయరేఖ:
చిరుదివ్వె గారూ, ఆవిడ చేసింది అవమానం. దాన్ని నేను సమర్థించను. కానీ అసలు విషయానికి వద్దాం. 1791లో బ్రిటన్‌లో బానిసల చేత పండించిన చక్కెరను మానేయమని కరపత్రాలు వచ్చాయి. మూడు లక్షల మంది మానేశారని ఆనాటి అంచనా. ఆ ఏడాదే పార్లమెంటు బానిస వ్యాపార నిషేధ బిల్లును తోసిపుచ్చింది. స్త్రీలకు ఓటే లేదు. ఏ ఇంట్లో ఏం కొనాలో నిర్ణయించేది మాత్రం వారే. ఓటు లేని చేతికి దొరికిన ఆయుధం అది. ఆర్డరు పోతుందని భయపడి అందరూ కొంటూనే ఉంటే తాళాలు ఎప్పటికీ తెరుచుకోవు. నిజం చెప్పాలంటే, ‘కొనడం మానకండి, పనివాళ్ల పొట్ట కొట్టకండి’ అన్నది యజమానులు ఎప్పుడూ చెప్పే మాటే.

కుట్టుమిషన్:
నన్ను యజమాని పక్కన నిలబెట్టారు. చాలా బాధగా ఉంది, కోపంగానూ ఉంది. ఆ తాళం వేసిన తలుపు వెనక కూర్చున్నది నేను, మీరు కాదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో దుస్తుల కర్మాగారాలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. అంతకు ముందురోజే గోడలకు పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైన కుట్టేవారిని మాత్రం మర్నాడు లోపలికి పంపారు. ఆ తర్వాత కార్మిక సంఘాలు విదేశీ కంపెనీలను ఏం కోరాయో మీకు తెలుసా? దేశం వదిలి వెళ్లిపోవద్దు, ఉండి భద్రతకు సంతకం పెట్టండి అన్నాయి. వారాల్లోనే ఒప్పందం కుదిరింది, చట్టపరంగా కట్టుబడి ఉండాల్సిన ఒప్పందం. రెండు వందలకు పైగా కంపెనీలు చేరాయి, స్వతంత్ర ఇంజినీర్లు వచ్చి భవనాలు తనిఖీ చేశారు. మీరు చూసే సినిమాలో శవాలు కనిపిస్తాయి. ఆ ఒప్పందం కోసం కూర్చున్నవారు కనిపించరు.

వేకువచుక్క:
అయితే ఇక సినిమాలే తీయవద్దంటారా?

కుట్టుమిషన్:
నేను ఆ మాట అన్నానా? ఎక్కడ అన్నానో చూపించండి.

నిర్వాహకుడు:
వ్యక్తుల మీదకు వెళ్లకండి. విషయం మీద మాట్లాడండి.

నడిదారి:
నాకు ఇప్పుడు అర్థమవుతున్నది వేరు. మానేయడం పనిచేస్తుందా లేదా అన్నది మీ గొడవ కాదు. మానేయాలని ఎవరు నిర్ణయించాలి అన్నదే అసలు గొడవ.

కుట్టుమిషన్:
అదే. 1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మె చేశారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవారు మొదలుపెట్టారు, మెక్సికన్ మూలాలవారు కలిశారు. ద్రాక్ష కొనకండని దేశాన్ని కోరింది వారే. ఊరూరికీ వెళ్లి దుకాణాల ముందు నిలబడింది వారే. 1970లో యజమానులు ఒప్పందాలపై సంతకాలు పెట్టారు. ఆ బహిష్కరణకు నేను చేతులెత్తి మొక్కుతాను. మా మీద కథనం వచ్చినప్పుడు ఆర్డరు ఆపాలా, ఉంచాలా అని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు.

ఉదయరేఖ:
అడగలేని వారి మాటేమిటి? యూనియన్ అన్న పేరు ఎత్తితేనే ఉద్యోగం ఊడే చోట పిలుపు ఎవరిస్తారు? తిలికుమ్ నోరు తెరిచి అడగలేదు. 1791లో చెరకు తోటల్లోని బానిసలు లండన్‌కు ఉత్తరం రాయలేదు. పిలుపు వచ్చేదాకా ఆగుదామంటే కొన్నిచోట్ల తరాలు గడిచిపోతాయి.

పాతపుటలు:
బానిసలు అడగలేదన్నది తప్పు. ఒకప్పుడు బానిసగా ఉన్న ఒలాడా ఈక్వియానో 1789లోనే తన జీవితకథ అచ్చువేసి బ్రిటన్ అంతా తిరిగి మాట్లాడాడు. ఇక 1791 ఆగస్టులో కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సాన్ డొమాంగ్‌లో బానిసలు తిరగబడ్డారు, ఆ పోరాటం చివరికి హైతీ దేశమైంది. ఇంతకన్నా గట్టిగా ఎవరూ అడగలేరు. చక్కెర మానినవారి గొప్పతనం తక్కువేమీ కాదు, కానీ కథ వారితో మొదలుకాలేదు.

చిరుదివ్వె:
ఈక్వియానో సంగతి నాకు తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు.

ఉదయరేఖ:
ఈక్వియానో మాట విని చక్కెర మానినవారు లేకపోతే ఆ పుస్తకం అల్మారాలో ఉండిపోయేది. నేను వినేవారి పక్షాన మాట్లాడుతున్నాను. కంపెనీకి ఉత్తరం రాయమంటే రాస్తాను, కానీ అమ్మకం పడిపోతుందన్న భయం లేకపోతే ఆ ఉత్తరం ఎవరు చదువుతారు?

కుట్టుమిషన్:
ఆ భయం ఉండాలనే నేనూ అంటున్నాను. అది ఎప్పుడు వాడాలో లోపల పనిచేసేవారిని అడగండి. అక్కడ సంఘం ఉంటే దాని పేరు వెతకండి. లేకపోతే సంఘం పెట్టుకోనివ్వండని కంపెనీకి రాయండి, ఆర్డరు తీసేయకుండా తలుపు తాళం తీయించండని రాయండి. మానేయడం ఆఖరి పని.

ఉదయరేఖ:
నాకు అది మొదటి పని. సంఘం పేరు మాత్రం వెతుకుతాను. దొరికితే ఇక్కడే పెడతాను.