నాన్నకి నీటికాసులన్నారు, చుక్కలు మానేశాడు

రాజాం అమ్మాయి:
మా నాన్నకి 63. సంక్రాంతికి ముందు కళ్లద్దాలు మార్పిద్దామని తీసుకెళ్తే కంటి ప్రెషర్ ఒకదాంట్లో 28, ఇంకోదాంట్లో 31 ఉందట. నీటికాసులు (గ్లకోమా), రోజూ రాత్రి ఒక చుక్క, ఇక మానకూడదు అన్నారు. నెల వేసుకుని మానేశాడు. "సుక్కలేసినా సూపు ఏటీ మార్నేదు, డబ్బులు తగలెయ్యడం" అంటాడు. పక్కింటి తాతేమో ముదిరాక ఒకేసారి ఆపరేషన్ చేయించేయమంటున్నాడు. ఏం చెయ్యను?

టైలర్, శ్రీకాకుళం:
తాత చెప్పేది శుక్లం సంగతమ్మా. శుక్లం తీసి లెన్సు పెడితే చూపు తిరిగొస్తుంది. నీటికాసుల్లో కంటి నరమే దెబ్బతింటుంది, పోయిన చూపు రాదు. చుక్కలు ఉన్నదాన్ని కాపాడతాయి, అంతే. మీ నాన్న "మార్నేదు" అంటున్నాడే, ఆ మారకపోవడం కోసమే వెయ్యమనేది.

నా సంగతి చెప్తాను. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేవాణ్ణి. కానీ సూది వంక చూస్తున్నప్పుడు దాని కింద బల్ల మీదున్న కత్తెర కనపడేది కాదు. కుర్రాడు తీశాడని వాడి మీద అరిచేవాణ్ణి, పాపం. గడప తగిలి రెండుసార్లు పడ్డాను కూడా. ఆఖరికి పెద్ద గిన్నెలాంటి మిషన్లో ముఖం పెట్టించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాగితం మీద కింది సగమంతా నల్లగా వచ్చింది. నాకెప్పుడూ నల్లగా కనపడలేదే అన్నాను. కనపడని చోటు నల్లగా ఉండదట, అక్కడేమీ లేనట్టే ఉంటుందట. నెప్పీ లేదు, మంటా లేదు, ఇంకెలా తెలుస్తుంది?

ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 ఉండాలి. కొందరికి అందులోనే ఉన్నా నరం పాడవుతుంది, అందుకే నరాన్నీ చూడాలి. మధ్యలో మానేశారు కాబట్టి మళ్ళీ డాక్టరుకి చూపించండి. మీ నాన్న అన్నదమ్ములకీ, నలభై దాటితే మీకూ పరీక్ష చేయించాలి. ఇది రక్తసంబంధంలో నడుస్తుంది.

మందుల షాపు, బొబ్బిలి:
ఒక మాట. నీటికాసులకి వేసే చుక్కల్లో టిమోలాల్ అని ఒకటుంది, ఆయాసం ఉన్నవాళ్ళకి అది పడదు, డాక్టరుకి ముందే చెప్పండి. చుక్క వేశాక కన్ను మూసి ముక్కు పక్క మూల రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. దురదకని మా దగ్గర చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలడిగేవాళ్ళు రోజూ వస్తారు, అవి నెలలు వాడితే ప్రెషర్ పెరుగుతుంది. నేనివ్వను, తిట్టుకుంటూ పోతారు.

రాజాం అమ్మాయి:
కత్తెర ముక్క నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపాగి, "మొన్న గట్టు మీద కాలు జారింది అందుకేనేటి?" అన్నాడు. సోమవారం వెళ్తున్నాం. చిన్నాన్ననీ రమ్మని తనే ఫోన్ చేశాడు.