‘హోం రూల్ సిటీ’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికాలో తుపాకుల చట్టాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘హోం రూల్ సిటీ’, ‘స్టేట్ ప్రీఎంప్షన్’ దగ్గర ఆగిపోయాను. మొదటిదానికి ‘స్వపరిపాలన నగరం’ అనవచ్చా అండీ?

జవాబు: అనకపోతేనే మంచిదండీ. హోం రూల్ అనగానే మనకు 1916, అనీబిసెంట్, ఆంధ్రలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గుర్తొస్తారు. అది పరాయి ప్రభుత్వం నుంచి ఒక దేశం కోరిన అధికారం. అమెరికాలో దాని పరిధి చాలా చిన్నది: ఊరి వ్యవహారాలకు ఊరే శాసనాలు చేసుకోవచ్చని రాష్ట్రం ఇచ్చే వీలు. రాష్ట్రం ఇచ్చిందే తప్ప నగరానికి సొంత అధికారం లేదని 1868లో అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ తీర్పు రాశాడు. 1875లో మిస్సోరీ ఆ వీలును తన రాజ్యాంగంలోనే పెట్టింది. నేనైతే ‘స్వయంపాలనాధికారం ఉన్న నగరం’ అంటాను. పొడుగైనా అపార్థం రాదు.

ఇక ప్రీఎంప్షన్. ఒక విషయం మీద ఊళ్ళు నియమాలు పెట్టకుండా రాష్ట్రం ఆ అధికారాన్ని తన దగ్గరే ఉంచుకోవడం అన్నమాట. మన కోర్టుల్లో ఆ మాటకు పొరుగు భూమిని ముందుగా కొనుక్కునే హక్కు అని అర్థం, ఇక్కడ అది అస్సలు పనికిరాదు. మనకు సరైన మాట లేకపోవడానికి కారణం ఉంది. ఆయుధాలు మన రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయి, 1959 ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒకటే. విజయవాడ కార్పొరేషన్‌కు ఈ గొడవే రాదు. అమెరికాలో ఇది నిత్యం నలిగే గొడవ.

ఇల్లినాయ్ సంగతి చూడండి. షికాగో పక్కన మోర్టన్ గ్రోవ్ అనే ఊరు 1981లో చేతి తుపాకులను నిషేధించింది. 1970 నాటి రాష్ట్ర రాజ్యాంగం ఇచ్చిన అధికారంతో ఊరు అలా చేయవచ్చని 1984లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2013లో శాసనసభ చేతి తుపాకుల నియంత్రణను ఊళ్ళ నుంచి వెనక్కి తీసుకుంది. ఫ్లోరిడా మరీ కఠినం. అక్కడ 1987 నుంచే ఈ అంశం పూర్తిగా రాష్ట్రానిది. 2011 నుంచి ఆ గీత దాటిన స్థానిక అధికారికి 5,000 డాలర్ల దాకా జరిమానా, గవర్నరు పదవి నుంచి తీసేయవచ్చు కూడా. ప్రజలు ఎన్నుకున్న మేయరును శాసనం చేసినందుకు శిక్షించడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అది కూడా హోం రూల్ నగరమే కదా?

జవాబు: అవునండీ. టెక్సాస్‌లో 5,000 జనాభా దాటిన ఊళ్ళు ఆ హోదా తెచ్చుకోవచ్చు. కానీ తుపాకులు కొనడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం మీద ఊరు నియమాలు పెట్టకూడదని రాష్ట్ర చట్టం. ఊళ్ళో తుపాకి కాల్చడం మీద మాత్రం పెట్టవచ్చు. హోదా ఉంది కాబట్టి తుపాకుల మీద అధికారమూ ఉంటుందనుకోకూడదు. వ్యాసంలో ఇది స్పష్టంగా రావాలి.

కొలరాడో దీనికి ఎదురు నడిచింది. బౌల్డర్ నగరం 2018లో అసాల్ట్ ఆయుధాలను (సైనిక తరహా తుపాకులను) నిషేధిస్తే, రాష్ట్ర చట్టం ఒప్పదని 2021 మార్చి 12న జడ్జి కొట్టేశారు. పది రోజులకు అదే ఊరి సరుకుల దుకాణంలో కాల్పులు జరిగి 10 మంది చనిపోయారు. ఆ తుపాకి కొన్నది పొరుగునున్న ఆర్వాడాలో, కాబట్టి ఒక్క ఊరి నిషేధం దాన్ని ఆపేదా అన్న వాదనను కొట్టిపారేయలేం. అయినా ఆ ఏడే రాష్ట్రం, ఊళ్ళు తన కంటే కఠినమైన నియమాలు పెట్టుకోవచ్చని చట్టం మార్చింది. వీటన్నిటికీ పైన, ఆయుధాలు ఉంచుకునే హక్కును కాపాడే అమెరికా రాజ్యాంగపు రెండో సవరణ ఉంది. అది నగరాలకూ వర్తిస్తుందని 2010లో షికాగో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రీఎంప్షన్‌కు నామవాచకం వెతక్కండి, క్రియతో చెప్పండి: ‘డాలస్‌కు స్వయంపాలనాధికారం ఉన్నా, తుపాకుల నియంత్రణను రాష్ట్రం తన చేతిలోనే ఉంచుకుంది.’