అప్‌డేట్: అమ్మ ఫోన్లో బ్యాలెన్స్, డేటా సంగతి

అమ్మ కొత్త స్మార్ట్‌ఫోన్లో బ్యాలెన్స్ దానంతటదే కరిగిపోతోందని, మధ్యాహ్నానికే ఆ రోజు డేటా అయిపోతోందని అడిగాను కదా. రెండూ తేలాయి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బ్యాలెన్స్ తినేసింది నెట్ కాదు, రోజువారీ జాతకం సర్వీసు! స్క్రీన్ మీద ఏదో పాపప్ వస్తే పోవడానికి ‘ఓకే’ నొక్కానంది అమ్మ. మీరు చెప్పినట్టే 155223కి ఇంగ్లీషులో ‘స్టాప్’ అని మెసేజ్ పెడితే, నడుస్తున్న సర్వీసుల లిస్టు వచ్చింది. ఆపేశాం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గట్టిగా అడిగితే కోసిన డబ్బులో కొంత వెనక్కి వేశారు.

ఇక డేటా. భక్తి గ్రూపులో తెల్లారకముందే గుడ్ మార్నింగ్ వీడియోలు వరసపెట్టి దిగుతున్నాయి. అమ్మ చూసేది మాత్రం అందులో ఒకటో రెండో. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’కి వెళ్లి, మొబైల్ డేటా మీద ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా టిక్కులన్నీ తీసేశాను. ప్లే స్టోర్ అప్‌డేట్లు కూడా వైఫైలోనే. ఇప్పుడు రాత్రి సీరియల్ టైముకీ డేటా మిగులుతోంది.

1925కి ‘స్టాప్’ అని పంపితే నెట్ మొత్తం ఆగిపోతుందని ఒకరన్నారు. అది చేయలేదు, మనవరాలితో వీడియో కాల్ లేకపోతే అమ్మ ఊరుకోదు.