10 రోజులు దాటాక లోను కుదరలేదంటున్న డీలరు: కాలిఫోర్నియా వాళ్లు చెప్పగలరా?

డీలరు దగ్గర లోను మీద కారు కొన్నాను. కాంట్రాక్టులో వడ్డీ 6.9 శాతం, 60 నెలలు, డౌన్ పేమెంటు 4,000 డాలర్లు, పాత కారు ఎక్స్‌చేంజి. ఇప్పుడేమో డీలరు నుంచి ఏ బ్యాంకూ ఆ లోను కాంట్రాక్టు కొనుక్కోలేదట, నా వీసా గడువు చాలదట (అప్లికేషన్ నాడే చూసిన గడువే!). 11.4 శాతానికి కొత్త కాగితాల మీద సంతకం పెట్టాలి, లేదా కారు తెచ్చివ్వాలి అంటున్నారు.

రద్దు చేసుకునే హక్కు డీలరుకు 10 రోజులే అని కాంట్రాక్టు వెనక ఉంది. ఆలోగా ఫోన్లు తప్ప రాతపూర్వక నోటీసు లేదు. రద్దయితే డౌన్ పేమెంటూ పాత కారూ వెనక్కివ్వాలి కదా, పాత కారేమో అమ్మేశామంటున్నారు. పైగా కొత్త కాగితాల మీద పాత తేదీయే వేశారు. నాకు అసలు అనుమానం అక్కడే: సంతకం పెడితే వడ్డీ మొదటి రోజు నుంచే లెక్క.

సంతకం పెట్టకుండా ఉంటే మొదటి వాయిదా ఎవరి పేరున పంపాలి? డీఎంవీకి (రాష్ట్ర వాహనాల శాఖకి) ఫిర్యాదు ముందా, లాయరు నోటీసు ముందా?